మందు లేదన్నరు

వెంకట్రాంకు ఊళ్లో రెండు విషయాల్లో పేరుంది. ఒకటి, పత్తి ఆకు తిరగేసి చేను సంగతి చెప్పడం. రెండోది, ఎదుటివాడి మాట సగంలో ఉండగానే అర్థమైపోయిందని తల ఊపడం. మొదటి గుణం వల్ల పాలకుర్తి చుట్టుపక్కల ఎంతోమంది రైతులు బాగుపడ్డారు. రెండో గుణం వల్ల ఆ వానాకాలం ఆయన ఇల్లే ఆగమైంది.

కోడలు సంధ్యకు పొత్తికడుపులో ఎడమవైపు సన్నటి నొప్పి మొదలైంది. నాలుగు రోజులు చూసింది, తగ్గలేదు. కొడుకు శ్రావణ్‌కు భూపాలపల్లి బొగ్గుబావిలో ఉద్యోగం, సెలవు దొరికితే తప్ప ఇంటికి రాడు. భార్య సునందకేమో మోకాళ్ల నొప్పులు, గడప దాటాలంటేనే దండకం చదువుతుంది. అందుకని కోడల్ని జనగామ దవాఖానకు తీసుకుపోయే పని మామ మీద పడింది. పాపం, ఆయన ఊరికి ఒకసారి సర్పంచ్‌గా చేసినవాడే, కలెక్టర్ ముందు కూడా గొంతెత్తి మాట్లాడినవాడే. కానీ ఆడవాళ్ల వార్డులో మాత్రం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

స్కానింగ్ గదికి ఆకుపచ్చ పరదా ఉంది. లోపలికి రావచ్చని నర్సు అన్నా వినకుండా వెంకట్రాం పరదా ఇవతలే ఆగి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కోడలి కడుపు సంగతి మామ వినడమేమిటి, నలుగురు నవ్విపోరూ? సరిగ్గా డాక్టరమ్మ మాట మొదలుపెట్టే వేళకు కరెంటు పోయి, కిటికీ కింద జనరేటర్ దడదడమని అందుకుంది. వినొద్దనుకుంటూనే ఆయన చెవి రిక్కించాడు. ఆ చప్పుడులోంచి నాలుగు ముక్కలు మాత్రం ఇవతల పడ్డాయి. గడ్డ అన్న మాట ఒకటి. మందు లేదు అని ఒకటి. ఇంటికి పో, మంచిగ తిను అని ఇంకొకటి. చివరికి రెండు నెలలు.

వెంకట్రాంకు తల్లి గుర్తొచ్చింది. కొన్నేళ్ల కింద వరంగల్‌లో ఆయన తల్లిని చూసిన పెద్ద డాక్టరు కూడా ఇవే మాటలు అన్నాడు. గడ్డ ముదిరింది, ఇక మందు లేదు, ఇంటికి తీసుకుపొండి, నోటికి ఏది రుచిస్తే అది పెట్టండి, మహా అయితే రెండు నెలలు. ఆ రెండు నెలలు కూడా ఆ తల్లి నిలవలేదు.

కాసేపటికి సంధ్య బయటికొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మామగారు అడగగలిగిన ఒకే ఒక్క ప్రశ్న వెంకట్రాం అడిగాడు.

"ఏమన్నరు బిడ్డా?"

"ఏం లేదు మామా. మందేం రాయలే. రెండు నెలలైనంక మళ్ల రమ్మన్నది."

తల వంచుకుని చెప్పి, అక్కడితో ఊరుకుంది. ఎక్కడ నొప్పి, ఎందుకు నొప్పి అని ఆయన అడగలేడు, అడగకుండా ఆమె చెప్పలేదు. అత్తింటి మర్యాద అంటే అదే కదా. ఆ పిల్ల ఎంత గుండెనిబ్బరంతో అబద్ధమాడిందో అనుకుని వెంకట్రాం లోపల్లోపల కుమిలిపోయాడు.

దారిలో బండి ఎన్నిసార్లు ఆపాడో లెక్క లేదు. కాల్చిన మక్కకంకులు కొన్నాడు, మిర్చిబజ్జీలు కొన్నాడు, దానిమ్మ పండ్లు కొన్నాడు. ఇంకా ఏం తినాలనుందని అడుగుతూనే ఉన్నాడు. చాలు మామా అని కోడలు అన్నకొద్దీ ఆయన ఇంకో కొట్టు ముందు బండి ఆపాడు.

ఇంటికి చేరగానే సునందను కొట్టం వెనక్కి పిలిచి సంగతి చెప్పాడు. సునంద నోట్లో కొంగు కుక్కుకుంది. తెల్లారేసరికి ఆ ఇంట్లో వంట మారిపోయింది. ఒకనాడు నాటుకోడి, ఒకనాడు తలకాయకూర, మధ్యాహ్నం సర్వపిండి, పండగ లేకుండానే సకినాలు. గిన్నె ముట్టుకోనివ్వరు, చీపురు పట్టుకోనివ్వరు. బడికి కూడా పోవద్దన్నారు గానీ, సంధ్య పాలకుర్తిలో తను పాఠాలు చెప్పే బడికి వెళ్లడం మానలేదు. శ్రావణ్‌కు మాత్రం ఈ మాట చెప్పొద్దని వెంకట్రాం సునందతో ఒట్టు పెట్టించాడు. బావిలోకి దిగే పిల్లగాడు, మనసు చెదిరితే ఇంకేదైనా అవుతుందని భయం. ఫోన్‌లో కొడుకు నవ్వుతూ మాట్లాడుతుంటే, ఈ పిల్ల మొగుడికి కూడా చెప్పుకోలేదన్నమాట అని ముసలాయనకు ఇంకా జాలి వేసింది.

పల్లెలో దాచిన మాట దాగుతుందా? వారం తిరక్కుండానే చుట్టాలు చూసిపోవడానికి రావడం మొదలుపెట్టారు. నెల్లికుదురు నుంచి సునంద చెల్లెలు వచ్చి, సంధ్య చెయ్యి పట్టుకుని ఊరికే కన్నీళ్లు పెట్టుకుంది. ఆమెకు చిన్నవయసులోనే ఏదో గడ్డ అని గర్భసంచి మొత్తం తీసేశారు. అది ఏం గడ్డో ఎవరూ చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు. అప్పటి నుంచి నడుం నొప్పి ఆమెతోనే ఉంది. అయినా ప్రాణం దక్కింది చాలు, ఈ పిల్లకూ తీయించండి అని అక్కకు చెప్పి వెళ్లింది.

వెంకట్రాంకు ఆ మాట పట్టుకుంది. పోయి పరశురాములును అడిగాడు. పరశురాములును ఊరంతా డాక్టరు అనే పిలుస్తుంది, ఏం చదివాడో మాత్రం ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. చేతిలో సూది ఉంది, నోట్లో మాట ఉంది, అంతకంటే ఏం కావాలి. స్కాన్ కాగితం చూడకుండానే ఆయన తేల్చేశాడు. గడ్డ అన్నారంటే ఉంచుకోకూడదట, సర్కారు దవాఖానవాళ్లు చేతులెత్తేసినా హన్మకొండలో తనకు తెలిసిన నర్సింగ్ హోం ఉందట, సంచీ, దాని పక్కన పిల్లల గింజలుండే చోట్లూ అన్నీ తీసి పారేస్తే పీడ విరగడైపోతుందట. సోమవారం తీసుకొస్తామని అక్కడివాళ్లకు మాట కూడా ఇచ్చేశాడు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు వెంకట్రాం సరే అన్నాడు. కోడలికి మాత్రం ఇంకో డాక్టరుకు చూపిద్దామని చెబితే చాలనుకున్నాడు. బతికితే చాలు, మిగతాది తర్వాత చూసుకుందాం అన్నది ఒకటే ఆయన మనసులో ఉంది.

ఆదివారం పొద్దున ఆయన చేనుకు వెళ్లాడు. పత్తి నడుములోతు ఎదిగి నిండుగా ఉంది. ఎన్నడూ లేనిది ఆ పచ్చదనం చూసినా మనసు నిమ్మళించలేదు. పక్క చేను నిరంజన్ మందు పంపు భుజానికెత్తుకుని పరుగున వచ్చాడు. వాడు నిరుడే వ్యవసాయంలో దిగాడు, ఆకు మీద చీమ కనిపించినా పరేషాన్ అవుతాడు. ఆకుకు పేనుబంక పురుగు తగిలింది, మందు డబ్బా విప్పనా అని అడిగాడు. ఏడుపు ఏడుపే, చేను చేనే. వెంకట్రాం చెయ్యి దానంతటదే ఆకు తిరగేసింది. పేనుబంక ఉన్నమాట నిజమే. దాన్ని తినే అక్షింతల పురుగులు కూడా ఉన్నాయి.

"మందు అవసరం లేదురా. దానంతటదే పోతది. వారమాగి మళ్ల చూడు. ఎక్కువైతే అప్పుడు కొడుదువు. చూసుడు మాత్రం మరువకు."

నిరంజన్ వెళ్లిపోయాడు. వెనక గట్టు మీద సంధ్య నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. ముఖం పాలిపోయి ఉంది.

"మామా, రేపు పొద్దున ఏం తినొద్దని పరశురాములు చెప్పి పోయిండు. నాకు ఆపరేషనట. దేనికి?"

వెంకట్రాంకు దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. గట్టు మీద కూలబడి కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"నీకు తెల్వకుండనే చేయించాలనుకున్న బిడ్డా. పరదా ఇవతల ఉండి నేనంత విన్న. గడ్డ అన్నది, మందు లేదన్నది, ఇంటికి తీస్కపొమ్మన్నది. మా అవ్వకు గూడ గివే మాటలు. చేతులు ముడుచుకొని ఎట్ల కూసోవాలె నేను?"

సంధ్య ఆయన వైపు వింతగా చూసింది.

"గడ్డ కాదన్నది మామా. మందు అవసరం లేదన్నది."

కాదు. అవసరం. రెండంటే రెండే మాటలు జనరేటర్ మింగేసింది. ఆ రెండు మాటల కోసం ఇంట్లో కోళ్ల గూడు ఖాళీ అయింది. వెంకట్రాం ఆ మాటలు మళ్లీ చెప్పించుకున్నాడు. నిరంజన్‌కు ఇప్పుడే తన నోటితో తను చెప్పిన మాటే అది. తెలివి అంతా చేనుకే పెట్టి ఇంటికి ఏం మిగుల్చుకోలేదని తనను తాను తిట్టుకున్నాడు.

సంధ్యకు ముందు నవ్వు వచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గీ కోడికూరలు నా చావుకా మామా? నాకు నెల తప్పింది గదా, మీరందరు కడుపు అనుకొని మురుస్తున్నరనుకున్న. దవాఖానల ముందుగాల గదే పరీక్ష చేసిన్రు. లేదని చెప్పిన్రు. మీకు కాదని ఎట్ల చెప్పాలెనో తెల్వక రోజు ఏడిసిన."

వెంకట్రాంకు తల కొట్టేసినట్టయింది. ఇల్లంతా ప్రేమతో ఆ పిల్లను కోత దాకా తెచ్చింది, ఆ పిల్ల ప్రేమతో నోరు మూసుకుంది. ఇక మర్యాద మర్యాద అంటూ కూర్చుంటే రేపు ఇదే హన్మకొండ దాకా పోయేది. పోతే ఏం పోయేదో అప్పుడు ఆయనకు అర్థమైంది. అంతా చెప్పు బిడ్డా, నేను పత్తి దిక్కు చూస్తుంటా అన్నాడు.

ఆయన పత్తి వైపు చూస్తూ కూర్చున్నాడు, ఆమె వెనక నిలబడి చెప్పింది. పిల్లల సంచికి అటొకటి ఇటొకటి గింజలు తయారయ్యే చోట్లుంటాయట. వాటిని అండాశయాలు అంటారట. నెలనెలా అక్కడ చిన్న నీటి బుగ్గ తయారై, గింజ బయటపడగానే పోవడం మామూలేనట. ఒక్కోసారి అది పగలకుండా నిలిచి కొంచెం ఉబ్బుతుందట. సంధ్యకున్నది అదే, నిమ్మకాయంత. లోపల ఉత్త నీళ్లే, గట్టి పదార్థం ఏమీ లేదు. ఈ వయసు ఆడవాళ్లలో ఇలాంటివి చాలావరకు రెండు మూడు నెలల్లో వాటంతటవే ఇంకిపోతాయట. అందుకే మందు రాయలేదు, కోతా అక్కర్లేదంది. నెలసరి ఆలస్యమైంది కూడా దానివల్లే కావచ్చునంది.

"తీసేస్తే మళ్ల పెట్టరు గదా మామా," అని చివర్న మెల్లగా అంది. ఆ మాటకు వెంకట్రాం తిరిగి చూడలేకపోయాడు.

అయితే ఆయన రైతు కదా, ఒక అనుమానం మిగిలింది. ఆగి చూడమన్నప్పుడు చూడకుండా వదిలేస్తే ఏమవుతుందని అడిగాడు. అదీ చెప్పిందట డాక్టరమ్మ. కొన్ని బుగ్గలు పోవు. కొన్ని పెరుగుతాయి. కొన్నింటి లోపల నీళ్లు కాక వేరేది ఉంటుంది, వాటి దారి వేరు. ఏది ఏదో తేలేది మళ్లీ స్కాన్ చేసినప్పుడే. ఈలోగా ఒక్కసారిగా కోసినట్టు నొప్పి వచ్చినా, నొప్పితో వాంతులైనా, జ్వరం వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా రెండు నెలలు ఆగకూడదు, ఆ పూటే దవాఖానకు రావాలి. బుగ్గ పగిలి నెత్తురు పోవచ్చు, లేదా ఆ గింజల చోటే మెలిపడి నెత్తురు అందక పాడైపోవచ్చునట. వెంకట్రాం ఆ నాలుగూ వేళ్ల మీద రెండుసార్లు అప్పజెప్పుకున్నాడు. మూడోసారి సంధ్యే సరిదిద్దింది.

ఆ సాయంత్రం పరశురాములు సోమవారం సంగతి మాట్లాడటానికి వచ్చాడు. వెంకట్రాం ఆయనకు చాయ్ ఇచ్చి, స్కాన్ కాగితం చేతిలో పెట్టి, దీంట్లో గడ్డ ఎక్కడుందో చూపించమన్నాడు. పరశురాములు కాగితాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, వెలుతురు చాలడం లేదన్నాడు. సునంద లైటు వేసింది. చాయ్ సగంలోనే ఆయనకు ఏదో పని గుర్తొచ్చింది. ఆయన పోయాక సునంద కోడలి పక్కన కూర్చుని, చెల్లెలిది కూడా ఒట్టి నీటి బుగ్గేనేమో అని అడిగింది. తెలియదత్తమ్మా, అప్పుడు ఎవరూ అడగలేదు కదా అంది సంధ్య.

శ్రావణ్ సెలవు మీద వచ్చినప్పుడు ఈ కథంతా విని, అది నీటి బుగ్గేనని సంధ్య మొదటి రోజే ఫోన్‌లో చెప్పిందని, ఇంట్లో అందరికీ తెలుసనే అనుకున్నానని తల పట్టుకున్నాడు. నాటుకోళ్ల సంగతి మాత్రం భూపాలపల్లి దాకా తీసుకుపోయి తోటి పనివాళ్లకు చెప్పుకుని నవ్వించాడు.

బతుకమ్మ వచ్చింది, పోయింది. సంధ్య ఆడుతుంటే వెంకట్రాం దూరంగా నిలబడి, ఆ పిల్ల కడుపు పట్టుకుంటుందేమోనని చూస్తూనే ఉన్నాడు. నొప్పి తగ్గింది, నెలసరి కూడా వచ్చింది. అక్కడే ఇంకో చిక్కు వచ్చి పడింది. చెప్పిన గడువు దగ్గరపడేసరికి సంధ్య మనసు మారింది. నొప్పే లేనప్పుడు మళ్లీ పోవడం దేనికి, బడిలో పరీక్షలున్నాయి, చేనులో పత్తి ఏరుడు మొదలైంది, కూలివాళ్లు దొరకడమే కష్టంగా ఉంది, ఈ పనులు తీరాక చూద్దాం అంది. పదిమందికి పాఠం చెప్పే పిల్ల తన పాఠం తనే మరిచిపోయింది.

వెంకట్రాం కోప్పడలేదు గానీ ఒప్పుకోలేదు కూడా.

"తగ్గిందని నువ్వంటున్నవ్ బిడ్డా. పైకి పచ్చగున్న చేన్లు ఎన్నింటిని నేను చూడలేదు? ఆకు తిరగేస్తెనే తెలుస్తది. పత్తి నాలుగు రోజులు చెట్టు మీదుంటే ఏం పోదు. నడువు."

ఈసారి సునంద కూడా బయల్దేరింది. మోకాళ్ల మాట ఎత్తనే లేదు.

ఆకుపచ్చ పరదా దగ్గరికి రాగానే వెంకట్రాం అడుగులు పాత అలవాటుగా ఆగాయి. సంధ్య వెనక్కి తిరిగి, రా మామా అంది. ఆయన లోపలికి వెళ్లి కోడలి తల వైపు, గోడ పక్కన నిలబడ్డాడు. మొదటిసారి చూసిన డాక్టరమ్మే, పేరు దీక్షిత, చిన్నవయసు పిల్ల, నిదానంగా చూసింది. తెర మీద నల్లటి మరకలు తప్ప ఆయనకేమీ తెలియలేదు. ఒక్కచోట ఆమె చెయ్యి ఆగింది. ఎడమవైపు బుగ్గ ఇక్కడుండేది, ఇప్పుడు లేదు అందామె. ఇంకిపోయింది. ఇక ఊరికే స్కాన్‌లు అక్కర్లేదు, నొప్పి మళ్లీ వచ్చినా నెలసరి తప్పినా చూపించుకోవాలి అంది. పిల్లల గురించి సంధ్య అడిగితే, ఈ బుగ్గ వల్ల దానికేం అడ్డం లేదు, కానీ పెళ్లయి మూడేళ్లు దాటింది కాబట్టి భార్యాభర్తలిద్దరూ కలిసి ఒకసారి వస్తే అది వేరుగా చూద్దామంది.

"ఇప్పటికైతే మందేం అవసరం లేదు. ఇంటికి పొండి. మంచిగ తినండి."

"జర ఆ మాట మళ్ల చెప్పు తల్లీ," అన్నాడు వెంకట్రాం. డాక్టరమ్మకు ఎందుకో అర్థం కాలేదు గానీ మళ్లీ చెప్పింది. సునంద కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. సంధ్య మామను చూసి నవ్వింది, దాచుకోకుండా నవ్వింది.

వాళ్లిద్దరూ కాగితాల కోసం ఆగితే వెంకట్రాం ముందు బయటికొచ్చాడు. బల్ల మీద తండా నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన తల పట్టుకుని కూర్చున్నాడు. పక్కన భార్య, నేల చూపులు చూస్తోంది. వెంకట్రాంకు ఆ తల పట్టుకోవడం ఎక్కడో చూసినట్టే అనిపించింది. పలకరిస్తే తన పేరు బాల్‌సింగ్ అని, భార్య రుక్కికి కడుపునొప్పి అని చెప్పాడు. ఇందాక లోపలికి ఆమె ఒక్కతే వెళ్లి వచ్చిందట. ఆమెకు తెలుగు అంతంత మాత్రమేనట.

"మందు లేదన్నరట సారూ. ఇంటికి పొమ్మన్నరట," అన్నాడు బాల్‌సింగ్.

వెంకట్రాం ఆయన పక్కన కూర్చున్నాడు.

"లేదన్నరా, అవసరం లేదన్నరా?"

బాల్‌సింగ్ పక్కకు తిరిగాడు. భార్యను తమ భాషలో అడిగాడు. ఆమె తెలియదని తల అడ్డంగా ఊపింది.

"నేను గూడ గిట్లనే బయట నిలవడ్డ అన్నా. సగం మాట ఇంటికి తీస్కపోయి ఇల్లంత ఆగం జేసిన. నీకు ఏం చెప్తరో నాకు తెల్వదు. మంచిదే కావచ్చు, ఇంకో పరీక్ష కావాలనొచ్చు. ఏదైనా సరే, ఇద్దరు లోపటికి పోయి పూర్తిగ విని రాండ్రి."

ఆడవాళ్ల గదిలోకి మగవాడు ఎలా వెళ్తాడని బాల్‌సింగ్ సందేహించాడు. వెంకట్రాం లేచి తనే వెళ్లి పరదా పక్కకు పట్టుకుని నిలబడ్డాడు. బాల్‌సింగ్ చెప్పులు విడిచి, రుక్కి చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్లాడు. పరదా పడీ పడగానే కరెంటు పోయింది. కిటికీ కింద జనరేటర్ దడదడమని అందుకుంది. ఆ చప్పుడును మించి, లోపలి నుంచి బాల్‌సింగ్ గొంతు వినిపించింది.

"జర గట్టిగ చెప్పమ్మా. మొత్తం చెప్పు."